తాళంచెవి ఎక్కడ పెడతావు నాన్నా?

ఆగు నాన్నా, ఒక్క నిమిషం. చెప్పులు తర్వాత తొడుక్కుందువు గాని, ఆ మెట్టు మీద కూర్చో. భుజాన వేలాడుతున్నదేమిటి? లాప్‌టాపా? తెర మీద గీతలు పడుతున్నాయని రెండు సందుల అవతల రిపేరు షాపులో పడేసి, అటునుంచటే కాంప్లెక్స్‌కి వెళ్లి రాజమండ్రి బస్సెక్కేస్తావు. ఎల్లుండి వచ్చి తీసుకుంటావు. అంతేగా? ఆ రెండు రోజులూ అందులో ఉన్నవన్నీ ఎవరి చేతుల్లో ఉంటాయో ఆలోచించావా?

"పాస్‌వర్డ్ ఉంది కదా మామ్మా" అంటావు. మీ ఈడువాళ్లందరూ అదే అంటారు. ఆ పాస్‌వర్డ్ వీధి తలుపుకి వేసిన గొళ్లెం నాన్నా. పెరటి గోడ లేని ఇంట్లో వీధి తలుపు గొళ్లెం పెట్టుకుని గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నట్టుంది నీ సంగతి. షాపులో కుర్రాడు నాలుగు స్క్రూలు విప్పి, లోపలి డిస్క్ బయటికి లాగి, ఇంకో కంప్యూటర్‌కి తగిలించాడనుకో, నీ పాస్‌వర్డ్ ఊసే రాదు. ఫోల్డర్లన్నీ విస్తట్లో వడ్డించినట్టు పరుచుకుంటాయి. డిస్క్ మీద రాసి ఉన్నదాన్నే ఎవరికీ అర్థం కాకుండా గజిబిజి చేసి ఉంచితే తప్ప దానికి అడ్డు లేదు. ఆ గజిబిజి చేసే పనినే ఎన్‌క్రిప్షన్ అంటారు. నాకూ ఆ మాట అరవై దాటాకే తెలిసిందిలే.

మన సింహాద్రి అప్పన్నను తలుచుకో. ఏడాది పొడుగునా చందనం కిందే ఉంటాడు. స్వామి ఎక్కడికీ పోలేదు, గుళ్లోనే ఉన్నాడు. కానీ వైశాఖ శుద్ధ తదియ వచ్చి, ఆ సేవ తెలిసిన అర్చకులు చందనం ఒలిస్తేనే నిజరూపం కంటపడుతుంది. దేవుడితో పోలికేమిటని మీ అమ్మ కేకలేస్తుంది గాని, ఫైలూ అంతే. డిస్క్ మీదే ఉంటుంది, ఎవరైనా ముట్టుకోవచ్చు, కాపీ కూడా చేసుకోవచ్చు. ఒలిచే కీ తెలియనివాడికి మాత్రం అది పనికిరాని ముద్ద.

"నేనేం తప్పు చేశాను, దాచుకోవడానికి?" అని ఆ మొహం పెట్టకు. కిటికీకి కర్టెన్ కట్టుకున్నవాళ్లందరూ లోపల దొంగనోట్లు అచ్చేస్తున్నారా? సొంత గుట్టు సొంతంగా ఉంచుకోవడం ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు కూర్చుని 2017 ఆగస్టు 24న ఒక్కమాటగా చెప్పారు. వాళ్లు చెప్పినా చెప్పకపోయినా, అసలు అందులో ఉన్నవన్నీ నీవేనా, అది చెప్పు. మీ నాన్న స్టీల్‌ప్లాంట్ పీఎఫ్ కాగితాలు నీ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. మీ అమ్మ స్కానింగ్ రిపోర్టులు, ఇంటి దస్తావేజుల స్కాన్లు, అందరి ఆధార్‌లు, పాన్ కార్డులు అందులోనే. మీ చెల్లి సంబంధాల కోసం తీయించిన ఫోటోలు, బయోడేటా అందులోనే. ఎవడో స్నేహితుడు నమ్మి పంపిన అప్పు పత్రం కూడా ఉందని మొన్న నువ్వే చెప్పావు. నీ పెట్టెలో నీవి కానివే ఎక్కువ నాన్నా. నీది పోతే నీ ఖర్మ అనుకోవచ్చు. వాళ్లవి పోతే ఎవరి ఖర్మ?

పోయాక ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా వారి లాప్‌టాప్ ఇలాగే ఒక షాపుకిచ్చాం. పేరెందుకు, ఇప్పుడా షాపూ లేదు. "పాస్‌వర్డ్ రాయండమ్మా, టెస్టింగ్‌కి కావాలి" అన్నాడు. బిల్లు వెనకాల నా చేత్తో నేనే రాసిచ్చాను. దాన్ని ఒక చీటీ మీద ఎక్కించి లాప్‌టాప్ మూత మీదే అంటించాడు. మూడు రోజులు అది ఆ చీటీతోనే బల్ల మీద పడుంది. ఇంటికొచ్చిన పదిరోజులకి మా కోడలి ఫోనుకి తెలియని నంబరు నుంచి ఒక ఫోటో వచ్చింది. ఆ పిల్ల ఫోటోనే. అది మా వారి లాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. ఎవరు పంపారో తేలలేదు. తేలినా ఏం చేస్తాం? ఆ పిల్ల నన్నొక్క మాట అనలేదు, అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

పెద్దవాళ్లకీ జరిగింది. హాంగ్‌కాంగ్‌లో ఎడిసన్ చెన్ అనే సినిమా నటుడు లాప్‌టాప్ రిపేరుకిచ్చాడు. అందులోని ఫోటోలు 2008 జనవరి నుంచి ఊరూ వాడా పాకాయి. కాపీ చేసిన టెక్నీషియన్‌కి ఆ మరుసటి ఏడు జైలుశిక్ష పడింది. ఫోటోలు మాత్రం వెనక్కి రాలేదు. వాటిలో ఉన్న ఆడపిల్లలు లాప్‌టాప్ రిపేరుకివ్వలేదు, పాస్‌వర్డ్ రాసివ్వలేదు. నిందలు మాత్రం ఎక్కువ పడింది వాళ్లే.

సరే, నీకు బుద్ధి లేక కాదు, తీరిక లేక. తాళం వేసుకుంటానంటావు. వెంటనే ఫోన్ తీసి, "బెస్ట్ ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్" అని కొట్టి, మొదట కనిపించినది దింపేస్తావు. అక్కడే ఆగమంటున్నాను. ఏ తాళం అని తర్వాత అడుగు. తాళంచెవి ఎక్కడ పెడతావో ముందు చెప్పు.

ఎందుకు ఇంత పట్టుపడుతున్నానంటే, నేను ముప్పైమూడేళ్లు బ్యాంకులో చేశాను. చివరి పదకొండేళ్లు లాకర్ల గది నా చేతుల మీదే నడిచింది. లాకరు తెరవాలంటే రెండు తాళంచెవులు. ఒకటి బ్యాంకుది, ఒకటి ఖాతాదారుది. నా చెవి తిప్పితేనే ఖాతాదారు చెవి తిరుగుతుంది. ఆ చెవికి మా దగ్గర నకలు ఉండదు. ఆ పదకొండేళ్లలో లాకరు దొంగతనం ఒక్కటీ చూడలేదు గాని, తాళంచెవి పోగొట్టుకున్నవాళ్లని ఎందరిని చూశానో లెక్కలేదు. ఒకావిడ భర్త పోయిన నెలకి వచ్చింది. కొంగుముడిలో తాళంచెవి ఉంది, దానిమీద ఒక నంబరు ఉంది. ఏ బ్యాంకో తెలియదు. ఆయన చెప్పలేదు, ఈవిడ అడగలేదు. డాబాగార్డెన్స్ నుంచి ద్వారకా నగర్ దాకా బ్యాంకు బ్యాంకుకీ తిరిగి మా దగ్గరికొచ్చింది. మాది కాదు. మంచినీళ్లు ఇచ్చి పంపించాను, ఇంకేం చెయ్యను?

అయినా లాకరుకో దారి ఉంది. కంపెనీ మనిషిని పిలిపించి, సాక్షుల ఎదుట డ్రిల్లింగు పెట్టి పగలగొట్టించేవాళ్లం. ఖర్చు ఖాతాదారుది. గాజులు, గొలుసులు చేతికొచ్చేవి. నువ్వు వేయబోయే తాళానికి ఆ డ్రిల్లింగు లేదు నాన్నా. మంచి ఎన్‌క్రిప్షన్ అంటేనే డ్రిల్లింగు లేనిది. కీ పోతే తయారుచేసిన కంపెనీవాడూ తెరవలేడు, పోలీసులూ తెరవలేరు, నువ్వు ఏడ్చినా తెరుచుకోదు. స్టెఫాన్ థామస్ అని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండే ప్రోగ్రామరు, 7,002 బిట్‌కాయిన్ల తాళంచెవి ఒక ఐరన్‌కీ డ్రైవ్‌లో పెట్టాడు. దాని పాస్‌వర్డ్ రాసుకున్న కాగితం పోయింది. ఆ డ్రైవ్ పదిసార్లు మాత్రమే ఊహించనిస్తుంది. 2021లో ఈ సంగతి పత్రికలకెక్కేసరికి ఎనిమిది అయిపోయాయి. కంప్యూటరే వృత్తిగా బతికేవాడు, కాగితం ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడు. నువ్వూ నేనూ ఎంత?

ఇప్పుడు తాళం సంగతికి వద్దాం. బజారుకెళ్లే ముందు ఇంట్లో ఏముందో చూసుకోమంటాం కదా, అలాగే నీ లాప్‌టాప్‌తో పాటు వచ్చినదేమిటో ముందు చూడు. విండోస్ ప్రో అయితే బిట్‌లాకర్ ఉంటుంది, 2007లో విస్టా వచ్చినప్పటి నుంచీ ఉన్నదే. హోమ్ అయితే చాలా వాటిలో డివైస్ ఎన్‌క్రిప్షన్ అని దాని తమ్ముడు ఉంటాడు. మీ చెల్లి వాడే మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ ఉంటుంది. లినక్స్ వాడేవాళ్లకి లక్స్ ఉంది, వాళ్లకి నేను చెప్పేదేమీ లేదు, వాళ్లే నాకు క్లాసు తీసుకుంటారు. ఇవి డిస్క్ మొత్తానికి వేసే తాళాలు. డిస్క్ ఊడదీసి ఇంకోచోట తగిలించినవాడికి ముద్ద తప్ప ఏమీ దొరకదు. బస్సులో సంచీ పోయినా లాప్‌టాప్ డబ్బులే పోతాయి, మిగతాది పోదు. పైసా ఖర్చు లేదు. చాలామందికి ఇంతే చాలు.

కానీ ఇక్కడో తిరకాసు ఉంది, ఇది బాగా విను. కొత్తగా వస్తున్న విండోస్ 11 లాప్‌టాప్‌లు చాలావాటిలో, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటిసారి లోపలికి వెళ్లగానే ఈ తాళం దానంతటదే పడిపోతోంది. తాళం పడిందని నీకు తెలియదు. దాని రికవరీ కీ, 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు, ఆ అకౌంట్‌లోకి పోయి కూర్చుంటుంది. ఆ అకౌంట్ ఎవరిది? కొన్నరోజు షాపులో కుర్రాడు "నేను సెట్ చేసిస్తా సార్" అని ఏ ఈమెయిల్ కొట్టాడో నీకు గుర్తుందా? కాలేజీవాళ్లు ఇచ్చిన ఈమెయిలా, చదువైపోగానే మూసేసేది? రోజూ లాప్‌టాప్ మామూలుగానే తెరుచుకుంటుంది కాబట్టి ఎవరూ దీని జోలికి పోరు. అలా తెరుచుకునేది ఎందుకంటే, తాళంచెవి మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్పు పట్టుకుని ఉంటుంది. రేపు ఆ షాపువాడు మదర్‌బోర్డు మార్చాడనుకో, ఆ చిప్పు కాస్తా పోతుంది. తెర నీలంగా మారి, "48 అంకెలు చెప్పు" అంటుంది. అప్పుడు నువ్వు రాజమండ్రిలో ఉంటావు.

2024 జూలై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ ఒక తప్పుడు అప్‌డేట్ పంపితే ప్రపంచం మొత్తమ్మీద 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెర వేసుకుని కూర్చున్నాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఫోటో నువ్వే నాకు చూపించి నవ్వావు. నవ్వులాట కానిది ఇంకొకటి ఉంది. బిట్‌లాకర్ వేసిన కంప్యూటర్లను బాగుచేయాలంటే ముందు ఒక్కోదానికీ దాని 48 అంకెలు కొట్టాలి. ఆ అంకెలు రాసిపెట్టుకున్న ఆఫీసులు తొందరగా లేచాయి. ఆ అంకెలు పెట్టుకున్న కంప్యూటర్ కూడా నీలితెర వేసినచోట మనుషులు తలలు పట్టుకున్నారు. తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకే తాళం వేస్తే ఇంతే.

సరే, డిస్క్ మొత్తానికి తాళం వేశావు. అయినా షాపువాడు "పాస్‌వర్డ్ రాయండి" అంటే నాలాగే రాసిచ్చేస్తావు. అప్పుడు ఆ తాళం ఉన్నా లేనట్టే, వీధి తలుపు నువ్వే తీశావు కదా. తెర మార్చడానికి నీ పాస్‌వర్డ్ అక్కర్లేదురా. మరీ కావాలంటే పరీక్ష చూసుకోవడానికి వేరే ఖాతా ఒకటి చేసివ్వు. అది కాక, బీరువా లోపల ఇంకో చిన్న అర ఉంటుంది చూడు, అమ్మ నగలు పెట్టుకునేది, దానికి వేరే చెవి. అలాంటి అర ఒకటి లాప్‌టాప్‌లోనూ చేసుకోవచ్చు. వెరాక్రిప్ట్ అని ఉంది, ఉచితం. అది ఒకే ఒక్క పెద్ద ఫైలు చేస్తుంది. కీ కొట్టి తెరిస్తే ఇంకో డ్రైవ్‌లా కనిపిస్తుంది, మూసేస్తే మళ్లీ ముద్ద. ఇంటి కాగితాలు, మీ చెల్లి ఫోటోలు అందులో పెట్టు. డిస్క్ తాళం ముందు, అర తాళం తర్వాత. వరస తిరగేయకు. బయట ఉన్న ఫైలును అరలోకి తీసుకెళ్లి బయటిది డిలీట్ చేసినా దాని ఆనవాళ్లు డిస్క్ మీద మిగిలిపోతాయి, ఇంగువ కట్టిన గుడ్డలాగా. డిస్క్‌కే తాళం ఉంటే ఆ వాసనా బయటికి రాదు.

ఈ వెరాక్రిప్ట్ పుట్టుకకో కథ ఉంది, ఇది నాకిష్టం. 2004లో ట్రూక్రిప్ట్ అని ఒకటి వచ్చింది. పదేళ్లపాటు ప్రపంచమంతా దాన్నే నమ్మింది. చేసినవాళ్లెవరో ఎవరికీ తెలియదు. 2014 మే 28న, చెప్పాపెట్టకుండా, "ఇది వాడటం భద్రం కాదు, సరిచేయని లోపాలు ఉండొచ్చు" అని ఒక బోర్డు పెట్టేసి వెళ్లిపోయారు. నమ్మినవాళ్ల గుండె జారిపోయింది. కానీ దాని లోపలి అల్లిక అందరి ముందూ పరిచి ఉండబట్టి, తెలిసినవాళ్లు కూర్చుని పోగుపోగూ వెతికారు. 2015లో ఆ పరీక్ష ముగిసింది. దొంగదారి ఏదీ దొరకలేదు, కొన్ని తప్పులు మాత్రం దొరికాయి. ఈలోగా ఫ్రాన్స్‌లో మునీర్ ఇద్రాసీ అనే ఆయన 2013 నుంచే ఆ అల్లిక తీసుకుని బాగుచేస్తూ వెరాక్రిప్ట్‌గా నిలబెట్టాడు. 2016లో దాన్నీ బయటివాళ్లు పరీక్షించారు. పెద్ద లోపాలే దొరికాయి. చాలావాటిని వెంటనే దిద్దారు. లోపాలు దొరికాయంటే భయపడకు. వెతికారు కాబట్టి దొరికాయి. ఎవరూ వెతకని తాళంలో ఏముందో ఆ చేసినవాడికే తెలియాలి.

అందుకే "మా సొంత రహస్య పద్ధతి, ఎవరూ ఛేదించలేరు" అని గొప్పలు చెప్పే సాఫ్ట్‌వేర్ కనపడితే దండం పెట్టి పక్కకి తప్పుకో. కెర్కాఫ్స్ అని పారిస్‌లో భాషలు చెప్పే మేష్టారొకాయన 1883లోనే ఈ మాట రాశాడు: యంత్రం శత్రువు చేతికి చిక్కినా ఇబ్బంది ఉండకూడదు, దాచవలసింది చెవి ఒక్కటే. ఇప్పుడు బ్యాంకులూ ప్రభుత్వాలూ వాడే ఏఈఎస్ అనే పద్ధతీ అలాగే వచ్చింది. పోటీ పెట్టారు, అందరి ముందూ పెట్టి చితక్కొట్టారు, చివరికి ఇద్దరు బెల్జియంవాళ్లు చేసిన పద్ధతి నిలబడితే 2001లో అమెరికా దాన్నే ప్రమాణంగా ప్రకటించింది. బిట్‌లాకర్‌లో ఉన్నది అదే, వెరాక్రిప్ట్‌లో ఉన్నది అదే. తాళం గట్టితనంలో తేడా నువ్వు అనుకున్నంత లేదు. తేడా అంతా చెవి దగ్గరే ఉంది, మళ్లీ అక్కడికే వస్తున్నాను.

ఫోల్డర్‌ని కనపడకుండా చేసే యాప్‌లు కొన్ని ఉన్నాయి. అవి తాళాలు కావు, పరుపు కింద డబ్బు పెట్టడం. డబ్బు కట్టకుండా క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటావు చూడు, అదీ వద్దు. దొంగ దగ్గర తాళం కొన్నవాడికి నకలు చెవి ఎక్కడుందని వేరే చెప్పాలా? ఆడిటరుకి రెండు కాగితాలు పంపాలంటే సెవెన్‌జిప్ చాలు, ఏఈఎస్ పెట్టి ముడి వెయ్యి. పాస్‌వర్డ్ మాత్రం అదే ఈమెయిల్లో రాయకు, ఫోన్ చేసి చెప్పు. క్లౌడ్‌లో పెట్టుకునే అలవాటుంటే క్రిప్టోమేటర్ అని ఉంది, ఒక్కో ఫైలుకీ విడివిడిగా తాళం వేస్తుంది, ఒకటి మారిస్తే అంతా మళ్లీ ఎక్కించక్కర్లేదు. ఇవి నేర్చుకోవడానికి పెద్ద చదువక్కర్లేదు, ఓ ఆదివారం చాలు.

ఇక పాస్‌వర్డ్. నీ పేరూ పుట్టిన ఏడూ కలిపి పెట్టావని నాకు తెలుసు, కాదనకు. పొడుగ్గా ఉండాలి. వెరాక్రిప్ట్‌వాళ్లు ఇరవై అక్షరాలకి తగ్గొద్దంటారు. ఒకదానికొకటి సంబంధం లేని ఐదారు మాటలు కలుపు. పాచికలు వేసి మాటలు ఏరుకునే పద్ధతి కూడా ఉంది, మా ఇంట్లో వైకుంఠపాళి పాచికతో ఏరాను నేను. సినిమా పాటల పల్లవులూ, పద్యాల మొదటి పాదాలూ వద్దు. నీకు కంఠతా వచ్చింది ఊళ్లో అందరికీ కంఠతానే. మన తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేటప్పుడు ఇంకో చిక్కుంది. ద్వారకాకి డబ్ల్యూ పెట్టావా, వి పెట్టావా? చివర ఒక ఏనా, రెండు ఏలా? "పెద్దత్త"లో హెచ్‌లు ఎన్ని? ఈ రోజు ఒకలా కొడతావు, ఆర్నెల్లకి ఇంకోలా కొడతావు. మనిషి చెప్పుకునేది ఒకటే మాట, మెషీన్‌కి అవి వేరు వేరు. నేనే మా "పనసపొట్టు" దగ్గర ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. రెండు టీలా ఒకటా అని! కాబట్టి అక్షరం అక్షరం కాగితం మీద రాసుకో, ఏది పెద్దక్షరమో కూడా.

"కాగితం మీద రాయకూడదంటారు కదా మామ్మా?" రాసి లాప్‌టాప్ సంచీలో పెట్టకూడదంటారు. ఇంట్లో, మీ అమ్మ బీరువాలో, పట్టుచీరల మడతల్లో ఇంటి దస్తావేజుల పక్కన పెట్టకూడదని ఎవరన్నారు? నీ లాప్‌టాప్ కొట్టేసే బస్సు దొంగ మీ అమ్మ పట్టుచీరలు విప్పుతాడా? ఆ 48 అంకెలు, ఈ పాస్‌వర్డ్, ఆ మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఈమెయిలు, మూడూ ఒక కాగితం మీద రాసి కవర్లో పెట్టి అంటించి ఇవ్వు. ఇచ్చేటప్పుడు నోటితో చెప్పు: "అమ్మా, నాకేదైనా అవసరం పడితే ఇది తియ్యి." అశుభం అనకు. నామినీ కాలమ్ ఖాళీగా వదిలేసినవాళ్లందరూ అశుభం అన్నవాళ్లే. ఆ కాలమ్ నింపమని బతిమాలడంతోనే నా సగం ఉద్యోగం గడిచింది. నువ్వు రహస్యం దాచుకోవాల్సింది దొంగ దగ్గర, మీ అమ్మ దగ్గర కాదు. అమ్మకి చూపించకూడనివి ఉంటే వాటికి వేరే అర చేసుకో, నాకు చెప్పక్కర్లేదు. ఇంటి కాగితాల అరకి మాత్రం ఇంట్లో ఇంకో మనిషికి దారి ఉండాలి.

తాళం వేశాను కదా అని నకలు తీసి పెట్టుకోవడం మానేస్తారు కొందరు. తాళం దొంగకి అడ్డం, నీళ్లకి అడ్డం కాదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు నువ్వు చిన్నవాడివి, గుర్తుందో లేదో. మా ముందుగది కిటికీ అద్దాలు ఒక్క ఊపులో లోపలికి వచ్చి పడ్డాయి. బల్ల మీద కంప్యూటరు, దాని పక్కనే మా వారు ఎంతో జాగ్రత్తగా నకలు తీసుకున్న హార్డ్‌డిస్క్, రెండూ ఒకే నీళ్లలో నానాయి. కరెంటు వచ్చాక చూస్తే రెండూ లేవు. నకలు ఉంటే చాలదు నాన్నా, వేరే కప్పు కింద ఉండాలి. మీ నకలు రాజమండ్రిలో మీ అత్తయ్య ఇంట్లో పెట్టు. ఎటూ వెళ్తున్నావు కదా. దానికీ తాళం వెయ్యి. వెరాక్రిప్ట్ అర మొత్తం ఒకే ఫైలు కాబట్టి దాని మొదట్లో చిన్న చోట చెడిపోయినా అరంతా తెరుచుకోకపోవచ్చు. అందుకని రెండు నకళ్లు.

తాళాలకి మించిన సంగతి కూడా మన విశాఖకి తెలుసు. 2012 జూలైలో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ రాసింది, మన తూర్పు నౌకాదళం కంప్యూటర్లలోకి వైరస్ దూరిందని. అవి ఇంటర్నెట్‌కి కలపని కంప్యూటర్లు. అయినా ఎలా దూరింది? పెన్‌డ్రైవుల్లో. పెన్‌డ్రైవ్ గుచ్చగానే అది చప్పుడు కాకుండా కావలసిన ఫైళ్లు ఏరి, దాని మీదే కనపడని ఫోల్డర్లో దాచుకునేది. అదే పెన్‌డ్రైవ్ ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్‌కి తగిలించగానే బయటికి పంపేసేది. అంత కాపలా, అన్ని గేట్లు, ఒక్క పెన్‌డ్రైవ్. మళ్లీ 2019 డిసెంబరులో, డాల్ఫిన్స్ నోస్ పేరు పెట్టి రాష్ట్ర పోలీసులు చేసిన ఆపరేషన్‌లో ఏడుగురు నావికులు దొరికారు. ఫేస్‌బుక్‌లో ఆడపేర్లతో పరిచయమైనవాళ్లకి వివరాలు చెప్పారని ఆరోపణ. ఆ తర్వాత నేవీ తన స్థావరాల్లో, ఓడల్లో స్మార్ట్‌ఫోన్లే నిషేధించింది. తెరిచి ఉన్న అర ముందు నువ్వు కూర్చుని ఉన్నప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ నిన్ను కాపాడదురా. వైరస్‌కి నీ కళ్లతోనే కనిపిస్తుంది. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసుల కంప్యూటర్లకే దొంగ తాళం పడింది. ఎన్‌క్రిప్షనే, కాకపోతే చెవి వాడి దగ్గర. చెవి కావాలంటే డబ్బు కట్టమన్నాడు. అప్‌డేట్లు "తర్వాత, తర్వాత" అని నెట్టేసేవాళ్ల ఇళ్లకే అలాంటివాడు ముందు వస్తాడు. బీచ్‌రోడ్డులో కాపురం ఉన్నప్పుడు ఉప్పుగాలికి తాళాలు పట్టేసేవి, నెలకోసారి నూనె చుక్క వేస్తేనే తిరిగేవి. అప్‌డేట్ అంటే ఆ నూనె చుక్క.

ఇంకొక్కటి. మూత మూసేసి సంచీలో పెట్టేస్తావు, అది నిద్రపోతుంది అంతే, ఆగదు. నిద్రలో చెవి దాని జేబులోనే ఉంటుంది. బస్సెక్కే ముందు పూర్తిగా షట్‌డౌన్ చెయ్యి. రెండు నిమిషాలు ఆగలేకపోతే ఎలా?

ఇవాళ షాపుకి వద్దులే. తెర మీద గీతలు రేపు కూడా ఉంటాయి, ఎక్కడికీ పోవు. పైకెళ్లి ముందు ఆ అకౌంట్ ఎవరి ఈమెయిల్‌తో ఉందో చూడు. ఆ 48 అంకెలు కనపడితే ఫోటో తీయకు, చేత్తో రాయి. ఒకసారి రాసి, మీ అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడ చదువుతుంటే నువ్వు సరిచూసుకో, ఆరూ తొమ్మిదీ తడబడతాయి. ఉండు, కవరు నేనిస్తాను. బ్యాంకు నుంచి తెచ్చుకున్న పాత ఖాకీ కవర్లు ఓ కట్ట ఉన్నాయి నా దగ్గర. జిగురు ఎండిపోయింది, అన్నం మెతుకుతో అంటించుకో.